మేతలో మందు మొక్కలు: చెరువు గట్టు ప్రశ్నలకు జవాబులు

వానలు తగ్గి చలి మొదలయ్యే ముందు నాకొచ్చే ఉత్తరాల్లో సగం చేపల పుండ్ల గురించే ఉంటాయి. ఈసారి ఎందుకోగానీ అందరూ ఒకే దారి పట్టారు. వెల్లుల్లి పెట్టొచ్చా, వేప వేయొచ్చా, తిప్పతీగ మంచిదేనా అని. అందుకే ఈ నెల పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. ముందే ఒక మాట చెప్పాలి. మిర్యాలగూడలో నాకు చేపల మేత, మందుల దుకాణం ఉంది. నీళ్లు పరీక్ష చేస్తాను, మొప్పలు మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తాను, మూలికల పొడి డబ్బాలూ అమ్ముతాను. కాబట్టి నేను "కొనండి" అన్నచోట కాస్త అనుమానంగా, "కొనొద్దు" అన్నచోట కాస్త నమ్మకంగా చదువుకోండి.

ప్రశ్న: అక్కా, సాగర్ ఎడమ కాలువ కింద మాకు రెండెకరాల చేపల చెరువుంది. బొచ్చె, రవ్వ, కొన్ని బంగారు తీగలు వేసినం. రెండేండ్ల సంది సంక్రాంతి ముంగట చేపల ఒంటి మీద ఎర్రగ పుండ్లు లేస్తున్నయి. పక్క చెరువాయన మేతల ఎల్లిగడ్డ, పసుపు కలుపుతుండు. ఆయన చెరువుల పుండ్లు తక్కువ. మేం కూడా కలపొచ్చునా? ఎంత కలపాలె, ఎట్ల కలపాలె?
(ఒక రైతు, త్రిపురారం మండలం)

జవాబు: కలపొచ్చన్నా. కాకపోతే సంక్రాంతికి కాదు, దసరా నాటికే మొదలుపెట్టాలి. జబ్బు పడ్డ చేప అన్నిటికంటే ముందు మానేసేది మేత. పుండు లేచాక మీరు వెల్లుల్లి కాదు, అమృతం కలిపినా తినేది పక్కనున్న బాగున్న చేపే. పుండున్నది గట్టు వారకు చేరి మూలన నిలబడి ఉంటుంది. మేతలో కలిపే ఏ మూలికైనా బాగున్న చేపను గట్టిపరచడానికే గానీ పడిపోయినదాన్ని లేపడానికి కాదు. ఈ పేజీలో మిగతా జవాబులన్నీ ఈ మాట చుట్టే తిరుగుతాయి.

మీరు రాయని సంగతి ఒకటుంది. బంగారు తీగలకు పుండ్లున్నాయా, లేవా? వాటికి లేకుండా రవ్వకూ బొచ్చెకే ఉంటే అది ఈయూఎస్ అని పిలిచే ఎర్రపుండ్ల జబ్బు అయ్యుండే అవకాశం ఎక్కువ. అఫనోమైసిస్ ఇన్వడాన్స్ అనే నీటి బూజు దానికి మూలం. మన దేశంలో 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో బయటపడి, అక్కడినుంచి దేశమంతా పాకింది. నీళ్లు చల్లబడ్డప్పుడు చేప ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి మందగిస్తుంది. బూజుకు మాత్రం ఆ చల్లదనమే కలిసొస్తుంది. కార్తీకం నుంచి మాఘం దాకా దాని కాలం. కొరమీనును బాగా పీడిస్తుంది. రవ్వ, బొచ్చె, మ్రిగాలకు వస్తుంది. బంగారు తీగకూ జిలేబి చేపకూ మామూలుగా రాదు.

అలా కాకుండా పొట్ట ఉబ్బి, పొలుసులు నిక్కి, కళ్లు బయటికొచ్చి, రెక్కల మొదట్లో రక్తం చిమ్మినట్టుంటే ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియాను అనుమానించాలి. చేప గుంజలకు ఒళ్లు రుద్దుకుంటూ ఎగిరెగిరి పడుతుంటే పేను పట్టినట్టు. వలలో పడ్డదాన్ని చేత్తో పట్టుకుని రెక్కల మొదలు చూడండి. చదునుగా, గాజులా లోపలికి కనబడుతూ, కదులుతూ ఉంటుంది. అది కుట్టిన చోటే తర్వాత పుండవుతుంది. పేనుకు వెల్లుల్లి మేతను నమ్ముకోవద్దు. అది గుడ్లను గట్టి వస్తువులకే అంటిస్తుంది కాబట్టి చెరువులో అక్కడక్కడ వెదురు బొంగులు పాతి, వారానికోసారి పీకి ఎండలో పడేస్తే గుడ్లు మాడిపోతాయి. ఖర్చు లేని పని, అందుకే ఎవరూ చేయరు.

ఇక కొలత. 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో మన రవ్వ పిల్లలకే కిలో మేతకు 1, 5, 10 గ్రాముల చొప్పున వెల్లుల్లి పెట్టి, ఆ తర్వాత ఏరోమోనాస్ ఎక్కించి చూశారు. వెల్లుల్లి తిన్నవి తినని వాటికంటే బాగా తట్టుకున్నాయి. అయితే ఆ మేలు తక్కువ మోతాదుకే కనబడింది. పది గ్రాములు పెట్టినందుకు అదనంగా ఒరిగిందేమీ లేదు. మా దుకాణానికి వచ్చేవాళ్లకు నేను చెప్పే లెక్క ఇదీ: ఎండు పొడి అయితే కిలో మేతకు 5 గ్రాములు, పచ్చి రెబ్బలైతే 10. మీ చెరువులో 2 టన్నుల చేప ఉందనుకుందాం. బరువులో నూటికి రెండు వంతుల చొప్పున రోజుకు 40 కిలోల మేత పడుతుంది. దానికి పచ్చి వెల్లుల్లి 400 గ్రాములు చాలు. పసుపు కిలోకు 2 గ్రాములు, అంటే 80 గ్రాములు. వాట్సాప్‌లో ఎకరాకు పది కిలోల వెల్లుల్లి అని ఒకటి తిరుగుతోంది. దాన్ని మేత అనరు, పచ్చడి అంటారు.

కలిపే తీరు దగ్గరే చాలామంది డబ్బు నీళ్లపాలవుతుంది. వెల్లుల్లిలో పనిచేసే అల్లిసిన్ రెబ్బ నలిగితేనే పుడుతుంది. దానికి కావలసిన సరుకూ, దాన్ని తయారుచేసే ఎంజైమూ రెబ్బలో వేర్వేరుగా ఉంటాయి. దంచినప్పుడే అవి కలుస్తాయి. కాబట్టి మెత్తగా దంచి పది నిమిషాలు అలాగే వదిలేయండి. ఉడకబెట్టొద్దు, వేడి గంజిలో వేయొద్దు. వేడికి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. తేలే మేత చేసే యంత్రంలో వేడి 100 డిగ్రీలు దాటుతుంది గనక మిల్లులోనే కలిపించుకున్నా లాభం తక్కువ. తయారైన గుళికకు ఇంటి దగ్గర పైపూత వేసుకోవడమే మేలు.

నీడలో తాటిపత్రి పరిచి 40 కిలోల గుళికలను పలచగా పొయ్యండి. పూర్తిగా చల్లారిన గంజి రెండు లీటర్లు తీసుకుని, దంచిన వెల్లుల్లిని అందులో పిసికి, గుళికల మీద చిలకరిస్తూ అరచేతులతో పైకీ కిందికీ తిప్పండి. మరీ గట్టిగా పిసికితే గుళిక పిండవుతుంది. అరగంట ఆరనివ్వండి. పసుపును మాత్రం గంజిలో వేయొద్దు. అందులోని కుర్కుమిన్ నీళ్లలో కరగదు, గిన్నె అడుగున కూర్చుంటుంది. నూనెలో కరుగుతుంది. 400 మిల్లీలీటర్ల పల్లినూనెలో పసుపు కలిపి ఆరిన గుళికల మీద రెండో పూతగా వేయండి. ఆ నూనె పొర లోపలి వెల్లుల్లి నీళ్లలోకి తొందరగా కారిపోకుండా కూడా ఆపుతుంది. ఎండలో ఆరబెట్టొద్దు, పసుపుకు ఎండ పడదు. పసుపు కొమ్ములు కొని పట్టించుకోండి. బజారు పొడిలో రంగు ఎంతో, పసుపు ఎంతో చేపకే తెలియాలి.

పూత నిలిచిందా లేదా చూడటానికి గాజు గ్లాసులో చెరువు నీళ్లు పోసి పది గుళికలు వేయండి. ఐదు నిమిషాల్లో నీళ్లు పసుపు రంగుకు తిరిగితే మీ మూలిక చేప నోటికి కాక చెరువుకు పోతున్నట్టు. గంజి చిక్కబరచండి. మిర్యాలగూడ మిల్లుల తవుడు, పల్లిచెక్క కలిపి చిల్లుల సంచుల్లో వేలాడదీసే వాళ్లకు ఈ పద్ధతి పనికిరాదు. సంచి పొద్దంతా నీళ్లలో నానుతుంది. వాళ్లు మూలిక పెట్టే రోజుల్లో ముద్దలు చేసి, గంటలో తినేంతే పళ్లాల్లో పెట్టాలి.

మూడు వారాలు పెట్టి, రెండు వారాలు ఆపి, మళ్లీ మూడు వారాలు పెట్టండి. ఏడాది పొడుగునా పెడితే చేప ఒళ్లు దానికి అలవాటు పడి స్పందించడం తగ్గుతుంది, ఖర్చూ దండగ. అప్పటికీ పుండ్లు లేస్తే మేత తగ్గించి నీళ్లకు వైద్యం చేయండి. భువనేశ్వర్‌లోని సీఫా పరిశోధన సంస్థ ఈ జబ్బు కోసమే సీఫాక్స్ అనే మందు తయారుచేసింది. హెక్టారు విస్తీర్ణంలో మీటరు లోతు నీళ్లకు లీటరు చొప్పున వాడాలి. మీ రెండెకరాల్లో ఐదడుగుల నీళ్లుంటే సుమారు లీటరుంబావు అవుతుంది. పుండ్లకు సున్నం వేయమని అందరూ అంటారు, నేనూ అంటాను, కానీ పీహెచ్ చూశాకే. బోరు నీళ్లతో చెరువు నింపుకునే వాళ్లయితే మరీ. మన నల్లగొండ బోరు నీళ్లు చాలాచోట్ల ముందే క్షారం ఎక్కువ. వాటిలో ఇంకా సున్నం కుమ్మరిస్తే పీహెచ్ పెరిగి, నీళ్లలోని అమ్మోనియా విషంగా మారుతుంది.

పక్క చెరువాయన సంగతి. ఆయనకు పుండ్లు తక్కువంటే వెల్లుల్లి వల్ల కావచ్చు, ఎకరాకు పిల్ల తక్కువ వేసినందువల్ల కావచ్చు. ఎంత పిల్ల వేశాడో ఒకసారి అడగండి.

ప్రశ్న: మేడమ్, చేపలకు మంచిదని మా కుంటలో నాలుగు మూటల వేపాకు వేసినం. రెండో రోజు తెల్లారేసరికి పెద్ద పెద్ద చేపలు నోరు తెరిచి తేలినయి. వేప మంచిదంటరు కదా, విషమైందా?
(ఒక రైతు, దేవరకద్ర మండలం)

జవాబు: మీ ఉత్తరంలోనే జవాబుంది. తెల్లవారుజామున, పెద్ద చేపలు, నోరు తెరిచి. విషం పడితే మామూలుగా ముందు చిన్నవి పోతాయి, అదీ ఏ వేళైనా పోతాయి. ఆక్సిజన్ చాలకపోతే ముందు పెద్దవి పోతాయి, అదీ తెల్లవారే ముందు. రాత్రంతా నాచూ చేపలూ అన్నీ ఆక్సిజన్ తీసుకునేవే, ఇచ్చేది ఏదీ ఉండదు. దాని మీద నాలుగు మూటల ఆకు కుళ్లడం మొదలైతే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఉన్న కాస్తా తాగేస్తాయి. వేపాకు బదులు మామిడాకు వేసినా ఇదే జరిగేది. మిగిలిన ఆకు ఇవాళే తీయించండి, కొత్త నీళ్లు పెట్టండి, మోటారు నీళ్లను ఎత్తు నుంచి చిమ్మేటట్టు తిప్పండి, రెండు రోజులు మేత ఆపండి.

అలాగని వేప మెత్తనిదేమీ కాదు. అందులోని అజాడిరక్టిన్ పురుగులకే కాదు, మోతాదు మించితే చేపకూ విషమే. వేపనూనె నీళ్ల మీద పొరలా పరుచుకుంటే మరో తంటా. మొక్కదే కదా, ఏం చేస్తుందిలే అనే మాట మన దగ్గర బాగా చెల్లుతోంది. కొత్త పిల్ల వేసేముందు చెరువులో పనికిరాని చేపల్ని చంపడానికి మనం వాడేది ఏమిటి? ఇప్పపిండి. అదీ చెట్టుదే. హెక్టారుకు 2,500 కిలోలు వేస్తే చెరువులో చేప మిగలదు, విషం విరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందులో పనిచేసే సపోనిన్లు ఇంకా చాలా మొక్కల్లో ఉన్నాయి. అందుకే కషాయాలు కాచి చెరువులో పోయడం నాకు ఇష్టం లేదు. మేతలో గ్రాముల లెక్కన కలపడం వేరు, నీళ్లలో బకెట్ల లెక్కన పోయడం వేరు.

ప్రశ్న: వెల్లుల్లి తిన్న చేప కూరలో వాసన వస్తుందా?
(ఒక గృహిణి, నల్లగొండ)

జవాబు: కిలో మేతకు ఐదు పది గ్రాముల లెక్కలో రాదమ్మా. వచ్చినా పులుసులో మీరెలాగూ వేస్తారు. అనుమానముంటే రైతును చివరి వారం మామూలు మేత పెట్టమనండి.

ప్రశ్న: అక్కా, మేం చేపల సొసైటీ వాళ్లం. మా ఊరి చెరువుల ప్రభుత్వం ఇచ్చిన చేప పిల్లలే పోస్తం. నిరుడు కొన్ని పుండ్లతోని దొరికినయి. సొసైటీ పైసలు పెట్టి మూలికల పొడి కొందామని కొందరు అంటున్నరు. కొనాల్నా?
(సొసైటీ సభ్యుడు, వనపర్తి జిల్లా)

జవాబు: కొనొద్దు. మీరు ఆ చెరువులో మేతే వేయరు కదా తమ్ముడూ, పొడి దేనిలో కలుపుతారు? వందెకరాల నీళ్లలో చల్లితే అది గాలిలో చల్లినట్టే. ఊరి చెరువు చేప చెరువులో దొరికిందే తిని బతుకుతుంది. అక్కడ మూలిక మేతకు తావు లేదు.

ఆ డబ్బూ ఆ ఓపికా పిల్లలు దిగే రోజు మీద పెట్టండి. ఏడాదంతా నీళ్లుండే చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల, కొన్నాళ్లకు ఎండేవాటికి 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్ల అని ప్రభుత్వం పిల్లలిచ్చే పథకంలో కొలతలున్నాయి. స్కేలు జేబులో పెట్టుకుని గట్టు మీదికి పోండి. లారీ దిగగానే సంచి విప్పి కుమ్మరించనివ్వకండి. సంచులను చెరువు నీళ్ల మీద కాసేపు తేలనిచ్చి, కొంచెం కొంచెం చెరువు నీళ్లు లోపలికి పోసి, అప్పుడు వదలాలి. వీలైతే డ్రమ్ములో వంద లీటర్ల నీళ్లకు రెండు కిలోల ఉప్పు కలిపి, జల్లెడ వలలో పిల్లల్ని రెండు నిమిషాలు ముంచి తీయండి. బయటి పేనూ బూజూ కొంత వదులుతాయి. పిల్లలు తలకిందులవుతుంటే రెండు నిమిషాలు కాకముందే తీసేయాలి. ఒంటి మీద దెబ్బలతో, పొలుసులు రాలి వచ్చిన పిల్లే చలికాలంలో ముందు పుండు పడేది. పొలుసు ఊడిన చోటు రోగానికి తలుపు తీసినట్టే.

ప్రశ్న: మేడమ్, మహబూబ్‌నగర్ దగ్గర టార్పాలిన్ ట్యాంకుల్లో కొరమీను పెంచుతున్నాను. తోక దగ్గర, వీపు మీద పుండ్లు. ఉత్తరేణి, తిప్పతీగ మంచివని చదివాను. రెండూ కలిపి కషాయం మేతలో పట్టిస్తే ఎలా ఉంటుంది?
(ఒక యువ రైతు)

జవాబు: ఉత్తరేణి గురించి మీరు చదివింది నిజమే. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బొచ్చె మీద, రవ్వ మీద పరీక్షలు చేశారు. గింజల పొడిని మేతలో అర శాతం కలిపి పెడితే రోగాన్ని తట్టుకునే శక్తి పెరిగిందని 2005, 2006లలో అచ్చయ్యాయి. తిప్పతీగ మీద తిలాపియాలో, అంటే జిలేబి చేపలో పరీక్షలు జరిగాయి. ఇవేవీ కొరమీను మీద కాదు. బొచ్చె నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్ని, రవ్వ నాచునూ కుళ్లిన ఆకునూ తింటాయి, కొరమీను మాంసాహారి. చేదు తగిలితే గుళికను నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది. తిప్పతీగ చేదు మీకు తెలిసిందే. వినాయక చవితికి ఉత్తరేణి పత్రి తెచ్చుకున్నంత తేలిక కాదు, దాని గింజ తీయడం. ముళ్ల తొడుగు గుచ్చుకుంటుంది, కిలో గింజలు తీసేసరికి కూలి ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

మీ ట్యాంకులో నేను ముందు చూసేది మూలిక కాదు, చేపల సైజు. పుండు తోక దగ్గర, వీపు మీద అన్నారు. అవి ఒకదాన్నొకటి కొరికిన చోట్లు. ఒకే ట్యాంకులో జానెడు చేప, మూరెడు చేప ఉంటే పెద్దది చిన్నదాన్ని కొరుకుతుంది, ఆ గాయంలో బూజూ బ్యాక్టీరియా చేరతాయి. రెండు వారాలకోసారి సైజులవారీగా ఏరి వేరు చేయండి. ఏరేటప్పుడు చేతులు తడిగా ఉండాలి, ముడివల వాడొద్దు.

రెండోది నీళ్లు. కొరమీను పైకొచ్చి గాలి పీలుస్తుంది కాబట్టి నీళ్లు పాడైనా తొందరగా చావదు. ఆ చావకపోవడమే మనల్ని మోసం చేస్తుంది. దానికి పెట్టే మేతలో మాంసకృత్తులు ఎక్కువ, తిన్నాక వచ్చేది అమ్మోనియా. మట్టి అడుగున్న చెరువులో కొంతైనా కలిసిపోతుంది. టార్పాలిన్ ట్యాంకులో ఎక్కడికీ పోదు. ఆ నీళ్లలో చేప ఒంటి జిగురు పలచబడుతుంది, మొప్పలు వాస్తాయి. అడుగు నీళ్లు తీసి కొత్తవి పెడుతున్నారా? అమ్మోనియా కిట్టుతో చూస్తున్నారా? ఈ రెండూ జరుగుతుంటే అప్పుడు వెల్లుల్లి పైపూత మొదలుపెట్టండి. మొదటి నాలుగు రోజులు సగం మోతాదే. గుళికలు తేలుతూ మిగిలిపోతుంటే చేపకు నచ్చలేదని అర్థం, ఆపేయండి. కషాయం మాత్రం వద్దు.

ప్రశ్న: డిగ్రీలో జువాలజీ చదువుతున్నాను. మొక్కల సారం చేప రోగనిరోధక శక్తిని "పెంచుతుంది" అని అన్ని వ్యాసాల్లో ఉంటుంది. పెంచడమంటే ఒంట్లో ఏం జరుగుతుంది? ల్యాబులో ఫలితం వచ్చినప్పుడు రైతులందరికీ ఎందుకు చెప్పరు?
(ఒక విద్యార్థిని, పాలమూరు)

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. చేపకు మనలా ఎముక మజ్జ ఉండదు. రక్తకణాలు తయారయ్యే పని చాలావరకు దాని తల వెనకుండే మూత్రపిండం ముందు భాగం చేస్తుంది, ప్లీహం సాయపడుతుంది. మనకు ఒకసారి వచ్చిన రోగాన్ని ఒళ్లు గుర్తుపెట్టుకుని రెండోసారి తరిమికొడుతుంది. చేపకూ ఆ గుర్తుంటుంది గానీ నెమ్మది, నీళ్లు చల్లబడితే మరింత నెమ్మది. అందుకని అది ఎక్కువగా ఆధారపడేది ఏ రోగమని చూడకుండా ఎదురుపడ్డదాన్నల్లా కొట్టే మొదటి కాపలా మీద. ఒంటి జిగురులో, రక్తంలో లైసోజైమ్ ఉంటుంది, బ్యాక్టీరియా గోడను కోస్తుంది. తెల్ల కణాలు సూక్ష్మజీవిని మింగి, లోపల ఆక్సిజన్ నుంచి పుట్టిన ఘాటైన పదార్థాలతో చంపుతాయి. మొక్కల సారం తిన్న చేపల్లో లైసోజైమ్ ఎంత, కణాలు ఎన్నిటిని మింగాయి, ఆ ఘాటు ఎంత అని కొలుస్తారు. అవి పెరిగితే నిరోధకశక్తి పెరిగిందని రాస్తారు. ఆ తర్వాత చేప పొట్టలోకి సూదితో ఏరోమోనాస్ ఎక్కించి ఎన్ని బతికాయో లెక్కపెడతారు.

సూది దగ్గరే నాకు పేచీ. చెరువులో ఏ చేపకూ ఎవరూ సూదితో బ్యాక్టీరియా ఎక్కించరు. అక్కడ రోగం చర్మం గుండా, మొప్పల గుండా, పేను కుట్టిన గాయం గుండా వస్తుంది. అదీ నీళ్లు చెడి, చేప కుంగి ఉన్నప్పుడు వస్తుంది. ల్యాబు తొట్టిలో నీళ్లు శుభ్రంగా ఉంటాయి, తొట్టికి ఇన్ని చేపలని లెక్క ఉంటుంది, మేత పెద్దగా వృథా పోదు. పరీక్షలు నెలా రెండు నెలలే. ఇంకో చిక్కు మొక్కది. తులసి అంటే అన్ని తులసులూ ఒకటి కావు. ఏ నేల, ఏ నెలలో కోసింది, నీళ్లతో తీసిన సారమా, ఆల్కహాలుతో తీసిందా అన్నదాన్ని బట్టి లోపలి సరుకు మారిపోతుంది. అల్లం, జామాకు, అశ్వగంధ, గుంటగలగర, మామిడి టెంకలోని జీడి దాకా మంచి ఫలితాలు వచ్చినవి చాలా ఉన్నాయి. రైతు చెరువులో, రెండు మూడు పంటలపాటు, పెట్టిన చెరువు పెట్టని చెరువు పక్కపక్కన చూసిన పరీక్షలు తక్కువ. మీకు ప్రాజెక్టు పని కావాలంటే అదే చేయండి. పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది, దారి అడగండి.

ఈ వెతుకులాట ఊరికే మొదలవలేదు. ఎదుగుదల కోసం పశువుల, కోళ్ల మేతలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని యూరప్ 2006 జనవరి 1 నుంచి మొత్తంగా ఆపేసింది. మన దగ్గర చేపల్లో, రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్లు నిషేధం. యాంటీబయాటిక్ మందులకు లొంగని బ్యాక్టీరియా చెరువు నుంచి మనిషి దాకా రాగలదు. ఆ భయమే అందరినీ మొక్కల వైపు తిప్పింది.

ప్రశ్న: ఒకాయన వచ్చి వంద శాతం హెర్బల్ అని డబ్బా ఇచ్చి పోయిండు. వారంలో పుండ్లు మాయం, వైరస్ కూడా పోతది, సైజు కూడా పెరుగుతది అంటుండు. నమ్మొచ్చునా?
(ఒక రైతు, దేవరకొండ)

జవాబు: ఒక్క డబ్బాతో ఇన్ని పనులయ్యేదుంటే నా దుకాణంలో మిగతా అరలన్నీ ఖాళీ చేసేదాన్ని.

డబ్బా తిప్పి చూడండి. ఏ మొక్క, దానిలో ఏ భాగం, ఎంత శాతం, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎవరు చేశారు, ఎక్కడ చేశారు. "మూలికల మిశ్రమం" అని మాత్రమే ఉంటే పక్కన పెట్టండి. మూలిక మేత మీద నేను చెప్పగలిగిన ఫలితం ఏదైనా వారాల లెక్కలో, చావు తగ్గిందనే రూపంలో కనబడుతుంది. మూడు రోజుల్లో పుండ్లు మానిపోతే సంతోషించకండి, అందులో చెప్పకుండా యాంటీబయాటిక్ కలిపారేమోనని నాకు అనుమానమొస్తుంది. అది చేపలో మిగిలి పట్టుబడితే పోయేది మీ సరుకు, డబ్బా ఇచ్చినాయన ఫోను ఎత్తడు.

అయినా చూద్దామనుకుంటే చెరువంతా పెట్టకండి. ఒకే చెరువులో రెండు హాపా వలలు (నీళ్లలో గుంజలకు కట్టే వల తొట్లు) కట్టి, ఒకే సైజు పిల్లలు యాభై చొప్పున వేయండి. ఒకదానికి పొడి కలిపిన మేత, ఇంకోదానికి అదే మేత, అదే గంజి, అదే నూనె, పొడి మాత్రం లేకుండా. నెల తర్వాత రెండూ లెక్కపెట్టి తూకం వేయండి. గంజీ నూనే రెండింటికీ ఎందుకంటే, నూనె తిన్న చేప ఎలాగూ కాస్త బరువెక్కుతుంది. ఆ బరువు డబ్బా ఖాతాలో పడకూడదు. అమ్మేవాళ్లకు ఈ పరీక్ష నచ్చదు. నేను అమ్మే డబ్బాకూ ఇలాగే చేసుకోండి.

ప్రశ్న: పుండున్న చేపను పరీక్షకు తేవాలంటే ఎలా తేవాలి? పోయినసారి మంచులో పెట్టి తెస్తే పనికిరాదన్నారు.
(ఒక రైతు, నిడమనూరు మండలం)

జవాబు: చచ్చి తేలినదాన్ని తేవద్దు. చచ్చిన చేప ఒంట్లో గంటల్లోనే చెరువులోని బ్యాక్టీరియా అంతా చేరిపోతుంది. అప్పుడు చంపింది ఏదో, చచ్చాక చేరింది ఏదో విడదీయడం కష్టం. పేను కూడా చచ్చిన చేపను వదిలి ఈదిపోతుంది. పుండు అప్పుడప్పుడే మొదలైన చేప, ముదిరిన చేప, ఒంటి మీద ఏమీ లేని చేప మూడూ కావాలి. పిల్ల తెచ్చే ఆక్సిజన్ సంచుల్లో మీ చెరువు నీళ్లతోనే వేసి, ఎండెక్కకముందు బయల్దేరండి. విడిగా ఒక సీసాలో అంచు దాకా చెరువు నీళ్లు నింపి మూత బిగించండి. కాగితం మీద నీటి లోతు, ఎన్ని పిల్లలు వేశారు, మేత ఏది ఎంత, ఇంతకుముందు ఏ మందు ఎప్పుడు వేశారు రాసుకోండి. వేసిన మందు చెబితే తిడతారేమోనని చాలామంది దాస్తారు. దాస్తే వైద్యం తప్పుతుంది.

తేగలిగితే నా దగ్గరికి తేండి, లేదా మీ జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికి పోయి దారి అడగండి. దుకాణం ఆదివారం మధ్యాహ్నం దాకే ఉంటుంది.